చేతిలో ఒక ఆఫర్, ఎదురుచూపులో రెండు ఇంటర్వ్యూలు

పోస్టు కొంచెం పెద్దదే. సిగ్నల్ ఉన్నప్పుడు ఓపెన్ చేసుకుని తీరిగ్గా చదవండి.

పోయిన వారం మన హుకుంపేట మండలం చెల్లి ఒకమ్మాయి ఫోన్ చేసింది. బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకుంది, జర్మన్ భాష బి1 పాసైంది. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది. నెలకు 18,000, హాస్టల్ వాళ్లదే. మూడు రోజుల్లో ఔనో కాదో చెప్పమన్నారు. ఇంకోపక్క జర్మనీ ఆసుపత్రులతో రెండు ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు ఉన్నాయి. ఒకటి వచ్చే నెల, రెండోదానికి ఇంకా తేదీ రాలేదు. "అన్నా, ఇప్పుడు ఏం చెప్పమంటావు?" అని అడిగింది.

అప్పటికే ఆమెకు ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. వాళ్ల నాన్న, వచ్చింది వదులుకోకు అన్నాడు. హాస్టల్ స్నేహితురాళ్లు, జాయిన్ అయితే ఇరుక్కుపోతావు, జర్మనీ పోతుంది, వద్దని చెప్పెయ్ అన్నారు. చుట్టాల్లో మాస్టారు ఒకాయన ఉన్నారు, ఆయనేమో ఒకచోట ఒప్పుకుని ఇంకోచోట ఇంటర్వ్యూకి కూర్చోవడం అంటే మాట తప్పడమే, మన జాతికి అది మంచిది కాదు అన్నారు. ఆ మూడోమాటే పిల్లని ఎక్కువ కుంగదీసింది. ఫోన్లో గొంతు బట్టే తెలిసిపోయింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఉద్యోగం ఒప్పుకోవాలి, జాయిన్ అవ్వాలి, జర్మనీ ఇంటర్వ్యూలకీ కూర్చోవాలి. అయితే సంతకం పెట్టే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఎందుకో చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. ఇంటర్వ్యూ అంటే రేపో ఎల్లుండో విమానం ఎక్కడం అని మన ఊళ్లో అనుకుంటారు. జర్మనీ సంగతి అలా కాదు. ఇంటర్వ్యూలో తీసుకున్నా కాంట్రాక్టు రావాలి, మన సర్టిఫికెట్లు అక్కడికి అనువదించి పంపాలి, అక్కడి రాష్ట్రం మన చదువును పరిశీలించి ఏది సరిపోయింది, ఏది సరిపోలేదు అని కాగితం ఇవ్వాలి, తర్వాత వీసా. నెలలు పడుతుంది. చాలామందికి ఏడాది దాటుతుంది. వెళ్లాక కూడా పూర్తి నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బి2 కావాలి, ట్రైనింగో పరీక్షో పూర్తి చెయ్యాలి, అప్పటిదాకా అసిస్టెంటు హోదా, జీతం తక్కువ. జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థ కేరళ నోర్కాతో 2021 డిసెంబర్‌లో ఒప్పందం చేసుకుని నడిపే ట్రిపుల్ విన్ పద్ధతి కూడా ఇంతే. బి1 దాకా ఇక్కడ ఉచితంగా నేర్పుతారు, బి2 అక్కడికి వెళ్లాక. అందులోనూ దశలు దశలుగానే కదులుతుంది.

అంటే విశాఖ ఆసుపత్రి నోటీసు నెల ఉన్నా, రెండు నెలలు ఉన్నా, జర్మనీ కాగితాలు నడిచే కాలంలో అది ఇట్టే సరిపోతుంది. కాంట్రాక్టు వచ్చి, వీసా తేదీ దగ్గరపడ్డాక ఇక్కడ రాజీనామా ఇచ్చి, నోటీసు పూర్తి చేసి, ఇంటికొచ్చి అమ్మానాన్నల దగ్గర పది రోజులు ఉండి కూడా వెళ్లొచ్చు. జాయిన్ అయితే జర్మనీ పోతుందన్న మాటలో పస లేదు. పైగా ఆ ఏడాది పాటు ఊళ్లో ఖాళీగా కూర్చుంటే చేతి పని మరిచిపోతాం, చేతిలో డబ్బు ఉండదు. మన ఇళ్లలో కాఫీ, మిరియాల డబ్బు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు అయిపోతుందో అందరికీ తెలిసిందే. బి2 పరీక్ష ఫీజుకి, అనువాదాలకి, విశాఖ తిరగడానికి ఎవర్ని అడుగుతాం?

గల్ఫ్ సంగతి వేరు. అక్కడ పని తొందరగా తెమిలిపోవచ్చు, రమ్మన్నాక ఎక్కువ టైం ఇవ్వరు. కానీ చాలా గల్ఫ్ ఆసుపత్రులు మొదట అడిగేదే రెండేళ్ల అనుభవం. ఈ విశాఖ ఉద్యోగమే ఆ అనుభవం. దాన్ని కాదనుకుని గల్ఫ్ కోసం ఎదురు చూడటంలో అర్థం లేదు.

ఇక సంతకానికి ముందు చూడాల్సిన రెండు విషయాలు. ఒకటి ఒరిజినల్ సర్టిఫికెట్లు, రెండోది బాండు. జీతం 18,000 అయినా 20,000 అయినా మన దారి మూసుకుపోదు. ఈ రెండూ మూసేస్తాయి.

ఇది చదివి తెలుసుకున్నది కాదు. 2014లో జీఎన్‌ఎం అయ్యాక విశాఖలో ఒక ఆసుపత్రిలో చేరాను, పేరు వద్దు. మొదటి రోజే ఆఫీసులో పదో తరగతి మెమో, డిప్లొమా, రిజిస్ట్రేషన్ ఒరిజినల్స్ అడిగారు. "మా ఫైల్లో భద్రంగా ఉంటాయి బాబు" అన్నారు. కొండ మీద నుంచి దిగినవాణ్ణి, అది పెద్ద ఆఫీసు, ఏసీ గది. ఎందుకని అడగడానికి నోరు రాలేదు. ఇచ్చేశాను. ఎనిమిది నెలలకి హైదరాబాద్‌లో గల్ఫ్ ఇంటర్వ్యూలో సెలెక్ట్ అయ్యాను. అటెస్టేషన్‌కి ఒరిజినల్స్ కావాలి. ఆఫీసుకి వెళ్తే ఏడాది నిండలేదు కదా అన్నారు. ఇంకోసారి వెళ్తే మేనేజర్ సెలవు. మూడోసారి డబ్బు కట్టమన్నారు. ఎక్కడ రాసుంది సార్ అంటే, అప్పుడు తీశారు, నేను సంతకం పెట్టిన కాగితం. నాలుగో పేజీలో ఉంది. నేను మొదటి పేజీ కూడా సరిగా చదవలేదు. రెండు నెలలు తిరిగాక సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. అప్పటికి ఆ బ్యాచ్ వెళ్లిపోయింది. తర్వాత మూడేళ్లకి గానీ నేను వెళ్లలేకపోయాను. ఆ మూడేళ్లూ మా నాయన ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు, నాతో కూడా.

కాబట్టి చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఒరిజినల్స్ చూపించండి. వాళ్ల ముందే సరిచూసుకోమనండి, జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వండి. ఒరిజినల్స్ మాత్రం వెనక్కి తెచ్చుకోండి. తప్పదు, ఉంచాల్సిందే అంటే, ఏయే సర్టిఫికెట్లు తీసుకున్నారో, అడిగితే ఎన్ని రోజుల్లో ఇస్తారో రాసిన రసీదు అడగండి. అది కూడా ఇవ్వమంటే ఆ ఆసుపత్రి సంగతి అప్పుడే తెలిసిపోయినట్టు. పాస్‌పోర్టు అయితే అసలు ఇవ్వొద్దు. అది భారత ప్రభుత్వ ఆస్తి. దాన్ని జప్తు చేసే అధికారం పాస్‌పోర్టు అధికారులకే ఉందని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఏ ఆసుపత్రి ఆఫీసుకీ దాన్ని దాచుకునే హక్కు లేదు.

బాండు విషయంలో మన గ్రూపులోనే ఒక తప్పు మాట తిరుగుతోంది, "బాండ్లు కోర్టులో చెల్లవు, ధైర్యంగా సంతకం పెట్టెయ్" అని. అది నమ్మకండి. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో తీర్పు ఇచ్చింది. మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ఆ ఉద్యోగి 2009లో వేరే బ్యాంకులో చేరడానికి రాజీనామా చేసి, ఆ డబ్బు కట్టి, తర్వాత కోర్టుకి వెళ్లాడు. హైకోర్టులో గెలిచి, చివరికి సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, ఆయన పెద్ద హోదాలో ఉన్న ఉద్యోగి, ప్రతి ఆసుపత్రి బాండూ అలాగే నిలుస్తుందని కాదు. కానీ 18,000 జీతంతో కోర్టు చుట్టూ పదిహేనేళ్లు తిరిగే ఓపిక మనలో ఎవరికుంది? సంతకానికి ముందే ఎన్ని నెలలు, ఎంత డబ్బు అని చూసుకోండి. నెలలు తగ్గించమని అడగండి. అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అని భయం ఉంటుంది, నాకూ ఉండేది. నర్సుల కొరత ఉన్న చోట మర్యాదగా అడిగిన ఒక్క ప్రశ్నకి ఎవరూ వెనక్కి తీసుకోరు. తీసుకుంటే పోనివ్వండి.

ఇప్పుడు మాస్టారి మాట దగ్గరికి వస్తాను. ఆయన్ని తక్కువ చెయ్యడం లేదు. మన దగ్గర ఇప్పటికీ సంతలో అప్పు కాగితం లేకుండా నడుస్తుంది, మాట మీదే. కానీ ఉద్యోగంలో మనం ఇచ్చే మాట ఏమిటి? జీవితాంతం ఇక్కడే ఉంటానని కాదు కదా. ఉన్నన్నాళ్లు పని సరిగా చేస్తాను, వెళ్లేటప్పుడు ఇన్ని రోజుల ముందు చెప్తాను, ఇంతే. ఆసుపత్రి కూడా మనకి అంతకంటే ఎక్కువ మాట ఇవ్వలేదు. వాళ్ల కాగితం చూడండి, నోటీసు ఇచ్చి మనల్ని తీసేసే హక్కు వాళ్లు రాసుకునే ఉంటారు. అదే నోటీసు ఇచ్చి మనం వెళ్తే అది మాట తప్పడం కాదు.

మాట తప్పడం అంటే వేరే ఉంది. వస్తానని చెప్పి జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్ చెయ్యడం. నైట్ డ్యూటీ వేస్తే మర్నాడు బ్యాగు సర్దుకుని చెప్పకుండా పాడేరు బస్సు ఎక్కెయ్యడం. మనవాళ్లు ఇలా చేస్తున్నారు, ఒప్పుకోవాలి. ఒక హెచ్‌ఆర్ మేడమ్ నా మొహం మీదే "మీ ఏజెన్సీ పిల్లలు నిలవరండీ" అంది. కోపం వచ్చింది. కానీ ఆవిడ దగ్గర చెప్పకుండా పోయినవాళ్ల పేర్లు ఉన్నాయి, అందులో మూడు మన ఇంటిపేర్లే. ఆ తర్వాత అక్కడికి వెళ్లిన పిల్లని ఎలా చూస్తారో చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గల్ఫ్‌కి వెళ్లేటప్పుడు మన ఎక్స్‌పీరియన్స్ లెటర్‌ని వాళ్లు ఊరికే నమ్మరు. డేటాఫ్లో లాంటి సంస్థ నేరుగా మన పాత ఆసుపత్రికి రాసి, ఈ మనిషి నిజంగా ఇన్ని నెలలు పనిచేశాడా అని అడుగుతుంది. చెప్పకుండా పారిపోయినవాడి గురించి ఆ ఆసుపత్రి ఏం రాస్తుంది? అసలు జవాబే ఇవ్వకపోవచ్చు. నోటీసు పూర్తి చేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని, వార్డు సిస్టర్‌కి నమస్కారం పెట్టి బయటికి రండి. మూడేళ్ల తర్వాత దాని విలువ తెలుస్తుంది.

అయితే జాయిన్ అయ్యే రోజే "నాకు జర్మనీ ఇంటర్వ్యూ ఉంది" అని చెప్పాలా? అక్కర్లేదు అంటాను. ఇంటర్వ్యూ అన్నది ఇంకా ఏమీ కాదు. చేతికి కాంట్రాక్టు వచ్చిన రోజు చెప్పాలి. వాళ్లంతట వాళ్లు అడిగితే మాత్రం అబద్ధం ఆడొద్దు. "ప్రయత్నం చేస్తున్నాను మేడమ్, ఏదైనా ఖాయమైతే నోటీసు ప్రకారం ముందే చెప్తాను" అంటే చాలు.

మూడు రోజుల గడువు గురించి కూడా ఆ చెల్లికి ఒక మాట చెప్పాను. గడువు పెంచమని అడగొచ్చు, ఎన్ని రోజులో తేదీ వేసి అడగాలి. "కొంచెం టైం ఇవ్వండి సార్" అంటే ఎవరూ ఇవ్వరు. ఆమె పంపిన మెయిల్ ఇంగ్లీషులో ఉంది, అర్థం ఇది: "ఆఫర్‌కి ధన్యవాదాలు. చేరాలని ఉంది. బాండు కాలం, సర్టిఫికెట్ల విషయం కాగితం మీద చూసి, ఇంట్లో చూపించి, సోమవారం సాయంత్రం లోపు సంతకం చేసిన కాపీ పంపుతాను." దాంతో రెండు రోజులు ఎక్కువ దొరికాయి. బాండు పద్దెనిమిది నెలలు ఉంటే, అడిగితే పన్నెండు చేశారు. ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేస్తామని మెయిల్లోనే రాశారు.

పన్నెండు నెలలు అంటే జర్మనీ కాగితాలకి పట్టే కాలం. ఒకవేళ అవి ముందే వచ్చేస్తే ఎంత కట్టాలో ఆమెకి ఇప్పుడే తెలుసు. నెలనెలా కొంత పక్కన పెట్టమన్నాను.

ఏజెంట్ల గురించి ఒక్క ముక్క. ఇక్కడ ఆఫర్ వచ్చిందని తెలియగానే ఏజెంటు ఫోన్ చేసి, "దాన్ని వదిలెయ్యి, మనది ఖాయం, ముందు డబ్బు కట్టు" అంటాడు. ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వకపోయినా ఆపెయ్యండి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని లైసెన్సు ఉందో లేదో చూడండి. సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకి వెళ్లే నర్సులకి 2015 నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపిస్తానన్నవాడు మిమ్మల్ని ముంచడానికే వచ్చాడు. ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, మన రాష్ట్రానికి ఓంక్యాప్, తెలంగాణకి టామ్‌కామ్. ముందు వాళ్లని అడగండి.

మన పిల్లలు వెళ్లిపోతే ఇక్కడ ఆసుపత్రుల్లో మన భాష తెలిసిన నర్సు ఎవరుంటారు అని ఒక అన్న అన్నారు. ఆ బాధ నాకూ ఉంది. తిరిగొచ్చి పాడేరులో పనిచేస్తున్నవాణ్ణే నేను. కానీ జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక, మా ఇంట్లో టీచర్ పోస్టు మీద ఆశ పెట్టుకున్న మా చెల్లి ఎన్నాళ్లు కుమిలిందో చూశాను. ఇక్కడ ఉద్యోగం ఇవ్వకుండా ఇక్కడే ఉండమని ఆ పిల్లలకి చెప్పే ధైర్యం నాకు లేదు. దాని మీద ఇంకో పోస్టు రాయాలి.

ఆ చెల్లి ఒకటో తారీఖు విశాఖలో చేరుతోంది. మొదటి ఇంటర్వ్యూ ఆమె చేరడానికి ముందే పడింది, జర్మనీ టైం మధ్యాహ్నం రెండు, అంటే మనకి సాయంత్రం. వాళ్ల ఊళ్లో ఆ వేళకి కరెంటు ఉంటే సిగ్నల్ ఉండదు, సిగ్నల్ కావాలంటే గట్టెక్కాలి. గట్టు మీద నిలబడి వీడియో ఇంటర్వ్యూ ఇవ్వలేదు కదా. పాడేరులో వైఫై ఉన్న గది, ఆ ఒక్క సాయంత్రానికి, రాత్రి ఉండటానికి ఆడపిల్లలు ఉన్న ఇల్లు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.