వెనక నుంచి ‘టక్’మంటోందా?

స్పీడ్‌బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక సీటు కింద చప్పుడా? వెనక టైర్లు లోపలి అంచునే అరుగుతున్నాయా? ఓసారి కంట్రోల్ ఆర్మ్‌లు చూడాల్సిందే. చక్రాన్ని కారు అడుగుభాగానికి కలిపి ఉంచే ఇనుప చేతులివి. వాటి చివర్లలోని రబ్బరు బుష్‌లు పగిలితే చక్రం కుదురుగా నిలవదు. (చాలా చిన్న కార్లకు వెనక దూలంలాంటి ఇరుసే ఉంటుంది. మీ కారుకు విడి ఆర్మ్‌లున్నాయో లేదో ముందు చూసుకోండి.)

పానాలు పట్టడం అలవాటున్నవాళ్లు వీటిని ఇంట్లోనే మార్చుకోవచ్చు. కానీ జాకీ ఉన్నది కారును లేపడానికే, మోయడానికి కాదు. లేపాక స్టాండ్ల మీద నిలపాల్సిందే. ఒట్టి జాకీని నమ్మి కారు కింద దూరితే ప్రాణాలకే ముప్పు. హ్యాండ్‌బ్రేక్ వేశాంగా అనుకోవద్దు. చాలా కార్లలో అది పట్టేది వెనక చక్రాలనే, అవేమో గాల్లో ఉంటాయి! ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కదిమ్మలు పెట్టండి.

పాత ఆర్మ్ విప్పేముందు అలైన్‌మెంట్ బోల్టు ఏ గీత దగ్గరుందో పెయింటుతో గుర్తు పెట్టుకోండి. స్ప్రింగ్ కూర్చునే ఆర్మ్ జోలికి మాత్రం పోవద్దు. నొక్కి ఉన్న స్ప్రింగ్ ఎగిరి తంతుంది. ఆ పని మెకానిక్‌కే వదిలేయాలి.

అసలు పొరపాటు జరిగేది బిగింపులో. చక్రం వేలాడుతుండగానే బోల్టులు గట్టిగా బిగిస్తే, కారు దించగానే బుష్ రబ్బరు మెలిపడుతుంది. కొత్తదీ త్వరగా చిరుగుతుంది. అందుకే ముందు వదులుగా ఉంచాలి. స్టాండ్లు తీయకుండానే హబ్ కింద జాకీ పెట్టి, చక్రం మామూలుగా ఉండే ఎత్తుకు లేపి, అప్పుడు మాన్యువల్‌లో చెప్పినంత బిగించాలి. ఆనక నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కి వెళ్లడమే.