తీర్మానం: డ్రోన్ పిచికారీలో కరెంటు తీగల ప్రమాదం గురించి

నంద్యాల జిల్లా బేతంచెర్లలో ముంగారు సేద్యానికి ముందు సమావేశమైన మండల రైతులు, కౌలుదారులు, పిచికారీ కూలీలు, డ్రోన్ పైలట్లు ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం.

పత్తికి, కందికి మందు కొట్టే మనిషి దొరకడం కష్టమైన రోజుల్లో డ్రోన్ వచ్చింది. 2023 నవంబరు 30న మొదలైన నమో డ్రోన్ దీదీ పథకంతో పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లూ ఈ పనిలోకి వచ్చారు. భుజాన పంపు మోసి, మందు ఆవిరికి తల తిరిగి గట్టున కూలబడినవాళ్లు మా ఇళ్లలోనే ఉన్నారు. అందుకే డ్రోన్‌ను మనసారా స్వాగతిస్తున్నాం.

అయితే అది పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తునే ఎగరాలి. ఇంకా పైకి పోతే మందు గాలికి కొట్టుకుపోయి పక్క చేలో పడుతుంది. బోర్లకు వెళ్లే సర్వీసు వైర్లు, ఒరిగిన స్తంభాల మధ్య జారిన తీగలు, వేపకొమ్మలు ఉండేదీ ఆ ఎత్తుకు దగ్గర్లోనే. పొద్దుటెండ కళ్లలో పడుతుంటే గట్టు మీది పైలట్‌కు స్తంభం కనిపిస్తుంది, తీగ కనిపించదు. సిగ్నల్ తెగినా, బ్యాటరీ తగ్గినా డ్రోన్ తనంతట తానే పైకి లేచి బయలుదేరిన చోటికి తిరిగొస్తుంది. ఆ దారిలో లైను ఉంటే అంతే. అందులో మనిషి కూర్చోడు కదా అని ధీమా పడడం తప్పు. పది లీటర్ల మందుతో పాతిక కిలోల దాకా తూగే యంత్రం రెక్కలు తిరుగుతుండగా కూలితే, కింద ఉండేది కలుపు తీసేవాళ్లు, వింత చూడవచ్చిన పిల్లలు.

విమానంతో మందు చల్లడం 1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయోలో మొదలైంది. అంత అనుభవమున్న ఆ దేశంలోనే 2013లో వ్యవసాయ విమానాలకు 78 ప్రమాదాలు జరిగాయి. తీగలకే కాదు, గాలి వేగం కొలవడానికి నిలిపిన సన్నటి స్తంభాలకు తగిలి కూడా అక్కడి పైలట్లు చనిపోయారు. గాలిమరలు, గని-శకునాల సోలార్ పార్కు లైన్లు ఉన్న ఈ సీమలో అది పరాయి దేశపు కథ అనుకోలేం.

కాబట్టి, పిచికారీకి ముందు చేను చేసేవారు పైలట్‌తో కలిసి గట్ల వెంట ఒక చుట్టు నడిచి ప్రతి తీగా, స్టే వైరూ చూపించాలని, తీగ వెళ్లే చోట గట్టున ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాలని, తీగకు మాత్రం ఎవరూ ఏదీ కట్టరాదని తీర్మానించడమైనది. తీగ కింది సాళ్లను డ్రోన్‌కు వదిలేసి, మూతికి మాస్కు, చేతులకు తొడుగులతో పంపుతోనే కొట్టించాలి. "ఇంకొక్క సాలే కదమ్మా" అని పైలట్‌ను ఎవరూ బలవంతపెట్టరాదు. గాలి ఎక్కువైందనో తీగ అడ్డమనో ఆమె ఆపేస్తే వచ్చిపోయిన ఖర్చు ఇచ్చి పంపాలి. ఈ మాట మీద చాలాసేపు చర్చ జరిగింది. చివరికి అందరూ ఒప్పుకున్నారు.

2021 డ్రోన్ నియమాల ప్రకారం పైలట్ ధ్రువపత్రం లేనివారిని పనికి పిలవరాదు. డ్రోన్ తీగకు చిక్కితే కర్రతో పొడవరాదు. లైన్‌మన్ వచ్చి కరెంటు తీసేదాకా అందరూ దూరంగా ఉండాలి. కూలిన డ్రోన్ బ్యాటరీ ఆలస్యంగానైనా అంటుకోవచ్చు కనుక దాన్ని ముట్టరాదు.

జారిన తీగలను విత్తనం పడేలోపు బిగించాలని విద్యుత్ అధికారులను, గాలి కొలిచే స్తంభాలకు ఎరుపు తెలుపు రంగులు వేయించి ఊరికి ముందే తెలపాలని వాటిని నిలిపే సంస్థలను కోరుతున్నాం. తీగలున్న సర్వే నంబర్ల పటాన్ని ప్రతి రైతు సేవా కేంద్రంలో గోడకు అంటించాలి. ఈ తీర్మానం ప్రతులను తహసీల్దారుకు, మండల వ్యవసాయాధికారికి, విద్యుత్ అధికారులకు పంపడమైనది.