ఆ దంతాలు ఎవరివి?

దంతవైద్య పాఠ్యగ్రంథాలలో వీపెహోల్మ్ అధ్యయనానికి ఒక పేరా తప్పక దక్కుతుంది. ఎంత చక్కెర తిన్నామన్నదానికంటే, భోజనాల నడుమ ఎన్నిసార్లు తిన్నాం, అది పంటిని ఎంతసేపు అంటిపెట్టుకుంది అన్నదే పళ్ళను ఎక్కువగా పుచ్చజేస్తుందన్నది 1954లో వెలువడిన ఆ ఫలితాల సారాంశం. అది సత్యమే.

ఆ పేరా దాటవేసే సంగతి మరొకటుంది. వీపెహోల్మ్ స్వీడన్‌లోని లుండ్ నగరంలో మేధోవైకల్యం గలవారిని ఉంచిన ఆసుపత్రి. 1947లో మొదలైన చక్కెర ప్రయోగంలో వారిలో కొందరికి రోజుకు 24 టాఫీలు పెట్టారు. పళ్ళకు అతుక్కునేలా ప్రత్యేకంగా చేయించిన టాఫీలవి. పుచ్చుతాయేమో చూడడానికే పెట్టారు, పుచ్చాయి. తిన్నవారి సమ్మతిని ఎవరూ కోరలేదు.

"ఆ కాలపు నీతి వేరు" అంటారు సమర్థకులు. స్వచ్ఛంద సమ్మతి లేనిదే మనిషిపై ప్రయోగం కూడదని న్యూరెంబర్గ్ తీర్పు ప్రకటించిందీ 1947లోనే!

ఫలితాన్ని చెరిపివేయమని నేననను. స్వీడన్ పిల్లలకు శనివారమే మిఠాయి అన్న అలవాటుకు మూలం అదే. కాని పరిశోధకుల పేర్లు అచ్చువేసే గ్రంథం, పళ్ళు పోగొట్టుకున్నవారికి ఒక్క వాక్యమైనా కేటాయించకపోతే అది విజ్ఞానం కాదు, కృతఘ్నత.