ఉపాధ్యాయ ప్రతినిధి: ఇది ఏ సమాసం?

శాసనమండలిలోని ఉపాధ్యాయ స్థానాలకు ఎన్నికలు వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినవస్తుంటాయి. "బడిపంతుళ్లకు రాజకీయాలెందుకండీ!" అన్నది మొదటిది. "సంఘం ఎవరిని నిలబెడితే వారికే మా ఓటు" అన్నది రెండవది. ఈ రెండూ నాకు సమ్మతం కావు. మొదటిది ఉపాధ్యాయుని పౌరత్వాన్ని కాదంటున్నది. రెండవది అతని వివేచననే కాదంటున్నది. పదిమంది పిల్లలకు మంచిచెడ్డలు వివరించి చెప్పేవానికి ఈ రెండింటిలో ఏ లోపమూ శోభించదు.

ముందుగా విషయం స్పష్టం చేసుకొందాం. మన రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలి సభ్యులలో పన్నెండవ వంతును ఉపాధ్యాయులు ఎన్నుకోవాలని విధించింది. మాధ్యమిక పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలలో కనీసం మూడేళ్లు బోధించినవారే ఇందులో ఓటర్లు. అంటే ఉన్నత పాఠశాల పంతులు మొదలు విశ్వవిద్యాలయ ఆచార్యుని వరకు అందరిదీ ఒకే జాబితా. ఆ జాబితానైనా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు. ఆంధ్రప్రదేశ్ మండలిలోని 58 స్థానాలలో 5, తెలంగాణ మండలిలోని 40 స్థానాలలో 3 ఇటువంటివి. మన మండలి కూడా విచిత్రమైన జాతకం కలది. 1958లో పుట్టి, 1985లో రద్దై, 2007లో పునర్జన్మ పొందింది. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిని మళ్లీ రద్దు చేయాలని తీర్మానించి, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కు తీసుకొన్నది.

ఇక వ్యాకరణానికి వద్దాం. "ఉపాధ్యాయ ప్రతినిధి" అన్నది ఏ సమాసం? ఉపాధ్యాయుడైన ప్రతినిధి అని విగ్రహవాక్యం చెబితే కర్మధారయం. ఉపాధ్యాయుల యొక్క ప్రతినిధి అంటే షష్ఠీతత్పురుషం. మనలో చాలామంది దీనిని కర్మధారయమనే అనుకొంటారు. చట్టం మాత్రం షష్ఠీతత్పురుషమే అంటున్నది. పట్టభద్రుల నియోజకవర్గానికి సంబంధించి తమిళనాడు నుండి వెళ్లిన ఒక వ్యాజ్యంలో 1972లో సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. అభ్యర్థి పట్టభద్రుడే కానవసరం లేదని తీర్పు చెప్పింది. అదే తర్కం ఉపాధ్యాయ స్థానాలకూ వర్తిస్తుంది. రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరుగా నమోదై, వయస్సు మొదలైన సామాన్యార్హతలు ఉంటే చాలు. జీవితంలో ఒక్కనాడైనా సుద్దముక్క పట్టనివాడు కూడా ఉపాధ్యాయుల తరఫున మండలిలో కూర్చోవచ్చు.

కనుకనే ఈ స్థానాలలో సంఘాలతో పాటు పార్టీలు కూడా దిగినవి. బ్యాలెట్ పత్రం మీద గుర్తులుండవు గాని, ప్రచారంలో జెండాలకు కొదవ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో రాయలసీమ వైపు రెండు ఉపాధ్యాయ స్థానాలనూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకొన్నది. అదే సంవత్సరం తెలంగాణలో మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ స్థానం భాజపాకు దక్కింది. 2025లో మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ స్థానమూ ఆ పార్టీ వశమైనది. మరొకవైపు 2024 డిసెంబరులో ఉభయగోదావరి ఉపఎన్నికలో పి.డి.ఎఫ్. అభ్యర్థి గెలిచారు. 2025లో ఉత్తరాంధ్రలోను, వరంగల్–ఖమ్మం–నల్గొండలోను పి.ఆర్.టి.యు. నాయకులు నెగ్గారు. అంటే ఉపాధ్యాయులు ఒకచోట సంఘాన్ని, మరొకచోట పార్టీని నమ్మినారు.

"అధికారపక్షం వాడైతే పని చేయిస్తాడు. సంఘం వాడు అరవడం తప్ప ఏం చేస్తాడు?" అని వాదించే మిత్రులున్నారు. వారి మాటను తేలికగా తీసివేయలేము. బదిలీలు, బకాయిలు, పింఛను కాగితాల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగి విసిగినవారి అనుభవం నుండి పుట్టిన మాట అది. అయినా ఒక్క సంగతి ఆలోచించాలి. మన మండలికి ఉన్న బలమెంత? సామాన్య బిల్లును అది మొదట మూడు నెలలు, తరువాత మరొక నెల ఆపగలదు. ద్రవ్య బిల్లు విషయంలో పద్నాలుగు రోజులకు మించి చేయగలిగినది లేదు. కాబట్టి మండలి సభ్యుని అసలు బలం అతని వాక్కే. 1985లో రాజ్యాంగంలో చేరిన పదవ షెడ్యూలు ప్రకారం పార్టీ తరఫున గెలిచినవాడు పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేస్తే పదవికే ముప్పు. రేపు ఉపాధ్యాయుల పింఛనుకు గండికొట్టే బిల్లు ఏదైనా అతని పార్టీయే తెచ్చినదనుకొందాం. మన ఓట్లతో గెలిచిన ఆ పెద్దమనిషి ఎవరి వైపు చేయి ఎత్తాలి? పని చేయించగలడన్న ఆశతో పంపిన మనిషికి, అసలైన పని పడిన రోజున చేతులు కట్టివేసి ఉంటాయి.

ఈ కారణంగానే ఉపాధ్యాయ స్థానాలలో సంఘాలు పోటీకి దిగడాన్ని నేను సమర్థిస్తాను. అయితే సంఘాలకూ కొన్ని ప్రశ్నలు వేయవలసి ఉన్నది.

మొదటిది, ఓటు లేనివారి సంగతి. ప్రాథమిక పాఠశాలలో అక్షరాలు దిద్దించే సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయునికి ఈ ఎన్నికలో ఓటు లేదు. మాధ్యమిక స్థాయి అన్న నిబంధన అతనిని గడప బయటే నిలబెట్టింది. కాని సంఘ సభ్యత్వ రుసుము అతడూ చెల్లిస్తాడు, ధర్నాలో ఎండలో అతడూ కూర్చొంటాడు. నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒకసారి జిల్లా సమావేశంలో అభ్యర్థి పేరు చదివి వినిపించి, చప్పట్లు కొట్టించి, ఏకగ్రీవమని ప్రకటించారు. నా పక్కన కూర్చొన్న ప్రాథమిక పాఠశాల మాస్టారు నెమ్మదిగా, "చప్పట్లకు మాత్రం మేం పనికివస్తాం పంతులుగారూ" అన్నాడు. ఆ మాటకు నా వద్ద సమాధానం లేకపోయింది. చట్టం ఇవ్వని ఓటును సంఘం ఇవ్వలేదు, నిజమే. కాని అభ్యర్థిని ఎంపిక చేసే ఓటును ఇవ్వవచ్చు గదా! అందుకు రాజ్యాంగ సవరణ అక్కరలేదు. ఒక పెట్టె, కొన్ని కాగితాలు చాలు.

రెండవది, సార్వత్రిక ఎన్నికలు, పంచాయతీ ఎన్నికల సంగతి. ఆ ఎన్నికలను నడిపించేది మనమే. ప్రిసైడింగ్ అధికారి కుర్చీలో మనమే కూర్చొంటాము. ప్రభుత్వోద్యోగి అభ్యర్థికి ఏజెంటుగా పనిచేస్తే మూడు నెలల దాకా జైలు శిక్షకు ప్రజాప్రాతినిధ్య చట్టంలో వీలున్నది. జైలు సంగతి అటుంచి, నిన్న ఒక పార్టీకి జై కొట్టిన సంఘ నాయకుడు నేడు పోలింగు కేంద్రంలో పెట్టెకు సీలు వేస్తుంటే ఊరివారు ఏమనుకొంటారు? అక్కడ సంఘం చేయదగినది ఒక్కటే. ఖాళీలు, పాఠశాలల విలీనం, పింఛను వంటి విషయాలపై అన్ని పార్టీలకూ ఒకే ప్రశ్నాపత్రం పంపి, వచ్చిన జవాబులను యథాతథంగా ప్రకటించాలి. మార్కులు ఓటరే వేసుకొంటాడు.

విశ్వవిద్యాలయ అధ్యాపకుల స్థితి కొంత వేరు. వారు నేరుగా ప్రభుత్వోద్యోగులు కారు, విశ్వవిద్యాలయ నిబంధనలు వారికి వర్తిస్తాయి. ప్రజాజీవితంలో వారికి చోటు కొంత విశాలం. ఉస్మానియాలో ఆచార్యులుగా ఉంటూనే కోదండరాం 2009 డిసెంబరులో ఏర్పడిన తెలంగాణ ఐక్య కార్యాచరణ సమితికి అధ్యక్షత వహించారు. పదవీ విరమణానంతరం 2018లో సొంత పార్టీ స్థాపించారు. అదే విశ్వవిద్యాలయపు ఆచార్యులు నాగేశ్వర్ స్వతంత్రులుగా పట్టభద్రుల స్థానం నుండి మండలికి వెళ్లారు. వీరి అభిప్రాయాలతో ఏకీభవించినా లేకున్నా, వారు ఏ వైపున ఉన్నారో అందరికీ తెలిసే ఉన్నారు. నాకు అభ్యంతరమల్లా చాటుమాటు వ్యవహారంతోనే. పైకి నిష్పక్షపాతమని చెప్పి, లోపల ఉపకులపతి పదవి కోసమో, పాలకమండలి సభ్యత్వం కోసమో సంఘం మద్దతును తాకట్టు పెట్టేవారు ఉంటే, ఆ నష్టం భర్తీ కాని ఖాళీలలోను, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద కాలం వెళ్లదీసే యువ అధ్యాపకుల ముఖాలలోను కనబడుతుంది.

చివరగా ఓటరు మిత్రులకు ఒక మాట. ఈ ఎన్నికలో మనకిచ్చే ఊదారంగు పెన్నుతో 1 అంకె ఒక్కటే వేసి రావలసిన పని లేదు. 2, 3 అని మన ప్రాధాన్యక్రమం తెలుపవచ్చు. చెల్లిన ఓట్లలో సగానికి మించి ఎవరికీ రాకపోతే ఆ తరువాతి అంకెలే ఫలితాన్ని తేలుస్తాయి. "మా వానికి ఒకటి వేసి ఊరుకోండి" అని చెప్పే ఏ సంఘమైనా, ఏ పార్టీయైనా మన చేతిలోని సగం హక్కును మన చేతనే వదిలింపజేస్తున్నది. నచ్చిన స్వతంత్రునికి మొదటి అంకె, సంఘం అభ్యర్థికి రెండవ అంకె వేస్తే అది ద్రోహమేమీ కాదు.

సంఘం నిలిపిన అభ్యర్థి గెలిచిన పిమ్మట ఏడాదికొకసారి మండలిలో ఏమి అడిగాడో, ఏ జవాబు రాబట్టాడో, ఏ బిల్లుపై ఎటు ఓటు వేశాడో రాతపూర్వకంగా సభ్యులందరికీ తెలియజేయాలి. ఆ నివేదిక ఓటున్న ఉన్నత పాఠశాలకే కాదు, ఓటు లేని ప్రాథమిక పాఠశాలకూ అందాలి. నా పక్కన కూర్చొన్న ఆ మాస్టారు కూడా దానిని చదివి, ఇందులో తప్పున్నదని వేలెత్తి చూపగలగాలి. అప్పుడు షష్ఠీతత్పురుషమైనా నాకు అభ్యంతరం లేదు.