ముందు నీడ, తర్వాత పూలు



దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ కాలనీల్లో గేటు పక్కన మిగిలే జాగా చాలాచోట్ల ఒక్క మొక్కకే సరిపోతుంది. చాలామంది మందారం పెడతారు. ఏడాది తిరక్కుండానే పూస్తుంది, పూజకు పనికొస్తుంది, కుండీలోనూ బతుకుతుంది.

నా ఓటు మాత్రం కానుగకే. వేసవి మొదట్లో పాత ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి కొత్త ఆకుతో నిండు నీడనిస్తుంది. మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలాక ఆటో దిగే పిల్లలకు కావలసింది ఆ నీడే. పైగా ఇది చిక్కుడు కుటుంబపు చెట్టు. దీని వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. పిల్లలు సైన్సులో చదివేది ఇదే.

నీడకు కొన్నేళ్లు ఆగాలి, నిజమే. గోడకూ సంపుకూ దూరంగా నాటాలి. అంత జాగా లేకపోతే మన రాష్ట్ర పుష్పం తంగేడు పెట్టండి. తక్కువ నీళ్లతో పెరుగుతుంది, బతుకమ్మకు పూలిస్తుంది.

జాగా ఉంటే మాత్రం ఈ తొలకరికి మీ ఒకటో తరగతి పిల్లలతో కానుగ నాటించండి. ఉన్న చెట్టును పార్కింగ్ కోసం కొట్టించకండి. కారుకు కవరు దొరుకుతుంది; వీధిలో నడిచే పిల్లలకు చెట్టే గొడుగు.