సుషీ రుచి చేపల మార్కెట్లో లేదు

టోక్యోలో సుషీ ఎక్కడ తినాలి అన్న ప్రశ్నకు ఒక జవాబు స్థిరపడిపోయింది. తెల్లవారకముందే లేచి తొయోసు చేపల మార్కెట్‌కి వెళ్ళాలి, అక్కడి చిన్న కొట్ల ముందు గంటల తరబడి వరసలో నిలబడాలి, పొద్దున వేలంలో పోయిన చేపను పొద్దున్నే తినాలి. అంతకు మించిన సుషీ ఆ మహానగరంలో ఇంకెక్కడా దొరకదని యాత్రికులు ఒకరికొకరు చెప్పుకుంటారు. మార్కెట్‌కి సెలవు రోజైతే సుషీ జోలికే పోవద్దని హెచ్చరిస్తారు కూడా. ఇదే నమ్మకం మన దాకా వచ్చేసరికి, హైదరాబాదులోనో డల్లాస్‌లోనో సుషీ పేరెత్తగానే "సముద్రం లేని ఊళ్ళో అదేం తిండి" అనే మాటగా మారుతుంది. అన్నిటికీ మూలం ఒకటే: చేప ఎంత తాజాదైతే సుషీ అంత గొప్పదన్న నమ్మకం. ఆ మూలమే తప్పని నా వాదన. చేప చెడిపోయి ఉండకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ చెడిపోకపోవడం వేరు, రుచికి రావడం వేరు. సుషీ కొట్టును ఎంచుకునేవారు చేప ఎన్ని గంటల క్రితం ఒడ్డుకు చేరిందో లెక్కపెట్టడం మాని, ఆ కొట్లో అన్నం ఎలా ఉంటుంది, చేప మీద ఎంత పని జరుగుతుంది అని చూడాలి.

సుషీ అనే మాటలోనే దీనికి సాక్ష్యం ఉంది. పుల్లనిది అనే అర్థమున్న పాత జపనీస్ విశేషణం నుంచి ఆ పేరు వచ్చింది; అందులో చేప ప్రస్తావనే లేదు. దాని పూర్వరూపమైన నరెజుషీ ఒక నిల్వ పదార్థం. బివా సరస్సు ఒడ్డున ఇప్పటికీ చేసే ఫునాజుషీలో చేపను నెలల పాటు ఉప్పులో ఉంచి, ఆ తర్వాత వండిన అన్నంతో పొరలు పొరలుగా పేర్చి, పైన బరువు పెట్టి, ఏడాదీ అంతకంటే ఎక్కువా పులియబెడతారు. మన ఊరగాయ జాడీకి అది దగ్గరి చుట్టం. చేత్తో వత్తి అప్పటికప్పుడు ఇచ్చే నిగిరి సుషీ 19వ శతాబ్దం తొలి సగంలో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ప్రచారంలోకి వచ్చింది. దానికి రూపం ఇచ్చినవాడిగా హనాయా యొహే పేరు చెబుతారు. పులియబెట్టడానికి పట్టే కాలాన్ని వెనిగర్ ఆదా చేసింది. 1804లో హండా పట్టణంలో నకానో మతాజాఎమోన్ సాకే వడగట్టగా మిగిలిన పిప్పితో వెనిగర్ తయారీ మొదలుపెట్టాడు. ఆ ఎర్రటి వెనిగరే ఎడో సుషీ అన్నంలోకి చేరింది. ఐసు పెట్టెలు లేని ఆ రోజుల్లో వీధి బళ్ళ మీద అమ్మే చేపకు ఏదో ఒకటి చేయక తప్పేది కాదు. కొహాదా అనే చిన్న ముళ్ళచేపకు ఉప్పు పట్టించి వెనిగర్లో ఊరబెట్టారు. సముద్రపు పాముచేపను మెత్తగా ఉడికించి, ఉడికిన రసాన్నే చిక్కబరిచి పైన పూశారు. రొయ్యను ఉడకబెట్టారు. ట్యూనా ఎర్రకండను సోయాలో నానబెట్టారు. కొవ్వు పట్టిన ట్యూనా పొట్టముక్కను, ఇవాళ బంగారం ధర పలుకుతున్న తోరోను, త్వరగా పాడవుతుందని విలువ లేనిదిగా చూసేవారు. ఈ ప్రక్రియలన్నిటినీ కలిపి టోక్యో సుషీ వంటవాళ్ళు నేటికీ షిగోతొ అంటారు. ఆ మాటకు అర్థం పని. ఫ్రిజ్ వచ్చాక ఆ పని అవసరం తీరిపోయింది, అయినా మంచి కొట్లు దాన్ని వదల్లేదు. నిల్వ కోసం మొదలైనది రుచి కోసం నిలిచిపోయింది.

రుచి అలా ఎందుకు వస్తుందో 20వ శతాబ్దంలో జపాన్ శాస్త్రవేత్తలే తేల్చారు. 1908లో ఇకెదా కికునాయె కొంబు అనే సముద్రపు నాచులోంచి గ్లుటామేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో కొదామా షింతరో, ఎండబెట్టిన బొనీటో చేప రుచికి ఇనోసినేట్ కారణమని కనుక్కున్నాడు. బతికున్న చేప కండలో ఈ ఇనోసినేట్ దాదాపు ఉండదు. ఉండేది ఏటీపీ, అంటే కండ కదలడానికి శక్తినిచ్చే పదార్థం. చేప చచ్చాక అది అంచెలంచెలుగా విరిగి ఇనోసినేట్ అవుతుంది. మరికొంత కాలానికి అదీ విరిగి, రుచి పోయి, చివరికి చేదు మిగులుతుంది. కాబట్టి చేప రుచికి ఒక ఎక్కుడూ ఒక దిగుడూ ఉన్నాయి. అప్పుడే కోసిన చేప ఎక్కుడు మొదట్లోనే ఉంటుంది. కండ బిగుసుకొని ఉంటుంది, నమలడానికి గట్టిగా తగులుతుంది, నాలుకకు అందేది మాత్రం తక్కువ. శిఖరానికి చేరడానికి చిన్న చేపకు గంటలు చాలు. పెద్ద తెల్లచేపకు ఒకటి రెండు రోజులు పడుతుంది. భారీ ట్యూనాను వారమో అంతకు మించో చల్లగా ఉంచి మాగబెట్టే వంటవాళ్ళున్నారు. చేప మెదడులో పొడిచి, రక్తం తీసేసి, వెన్నులోకి సన్నటి తీగ దూర్చే ఇకెజిమె పద్ధతి పెనుగులాటలో ఆ ఏటీపీ ఖర్చయిపోకుండా కాపాడుతుంది, తర్వాత నిదానంగా మాగడానికి వీలిస్తుంది. తెలుగువాళ్ళకు ఇది కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. ఆవకాయకు కాయ గట్టిగా, అప్పుడే చెట్టు నుంచి కోసినదై ఉండాలని పట్టుబట్టే ఇంట్లోనే, కలిపిన రోజున జాడీ జోలికి పోనివ్వరు. మూడోనాడు తిరగకలిపి, ఊట వచ్చాక గాని వడ్డించరు. చేపల పులుసు మర్నాటికి గాని రుచికి రాదని గోదావరి జిల్లాల్లో పిల్లలకు కూడా తెలుసు. తాజా సరుకు తెచ్చుకోవడం మొదటి మెట్టని, తినే క్షణం ఇంకా తర్వాత ఉందని మన వంటిళ్ళు ఎప్పుడో ఒప్పుకున్నాయి.

ఇక మార్కెట్ సంగతి. చేపల మార్కెట్‌కి వెళ్తే సముద్రానికి దగ్గరగా వెళ్ళినట్టు అనుకోవడం పెద్ద భ్రమ. 1935లో మొదలైన త్సుకిజి మార్కెట్ లోపలి భాగం 2018 అక్టోబరులో మూతపడి, వ్యాపారమంతా తొయోసుకు తరలింది. రెండు చోట్లకూ వచ్చే చేపలో చాలా భాగం దూరప్రాంతాల నుంచి, దూరదేశాల నుంచి వచ్చేదే. 1972 ఆగస్టులో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ దగ్గర పట్టిన ట్యూనా విమానమెక్కి త్సుకిజి వేలానికి వచ్చింది. అప్పటి నుంచి ప్రపంచంలోని ట్యూనా అంతా టోక్యో దారి పట్టింది. మధ్యధరా సముద్రంలో వలల మధ్య మేపిన ట్యూనా వస్తుంది, అట్లాంటిక్ నుంచి వస్తుంది. దూర సముద్రాల్లో వేటాడే ఓడలు పట్టినచోటే మైనస్ 60 డిగ్రీల దగ్గర గడ్డకట్టించిన ట్యూనా నెలల తర్వాత అక్కడే వేలానికి చేరుతుంది. ఆ వేలం పక్కనే కూర్చుని తింటున్నంత మాత్రాన ఆ చేప వయసు తగ్గదు. పైగా తొయోసు టోకు వ్యాపారుల దగ్గర కొన్న చేప నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న గింజా కొట్టుకీ, ఊరి అవతలి పేట కొట్టుకీ అదే ఉదయం చేరిపోతుంది. మార్కెట్ కొట్టుకు దక్కే అదనపు లాభం గంటో రెండు గంటలో; చేప మాగే లెక్కలో అది లెక్కలోకే రాదు. 2019 జనవరిలో ఏడాది తొలి వేలంలో 278 కిలోల ట్యూనా 33 కోట్ల 36 లక్షల యెన్లకు అమ్ముడైంది. ప్రపంచమంతా ఆ వార్త చదివి, గొప్ప రుచి అంటే అదేనని అనుకుంది. ఆ ధర తొలి వేలానికి దక్కే ప్రచారానిది. దాన్ని చూసి కొట్టును ఎంచుకుంటే సుషీ గురించి ఏమీ తెలుసుకోనట్టే.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది ఆరోగ్యానికి సంబంధించింది: పచ్చి చేప తింటున్నప్పుడు తాజాదనాన్ని మించిన రక్షణ ఏముంది అని. కానాగంత జాతి చేపలను వేడిలో వదిలేస్తే హిస్టమిన్ పేరుకొని ఒళ్ళంతా దద్దుర్లు తెస్తుంది, నిజమే. దానికి మందు, చేపను పట్టిన క్షణం నుంచి తెగని చల్లదనం; దాన్ని తాజాదనంతో కలగాపులగం చేయకూడదు. ఇంకో వైపు అనిసాకిస్ అనే పురుగు ఉంది. సముద్రపు చేపల్లో సహజంగా ఉంటుంది, అప్పుడే పట్టిన చేపలో హాయిగా బతికి ఉంటుంది, వెనిగర్‌కు చావదు. ఇటీవలి సంవత్సరాల్లో జపాన్‌లో నమోదయ్యే ఆహార విష సంఘటనల సంఖ్యలో ముందు వరసలో ఉన్నది అదే. దాన్ని చంపేది గడ్డకట్టించడం. అమెరికా ఆహార నియమావళి పచ్చిగా వడ్డించే చాలా రకాల చేపలను మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులో, మైనస్ 35 డిగ్రీల్లో గడ్డకట్టించి 15 గంటలో ఉంచమంటుంది; ట్యూనా వంటి కొన్నిటికి మినహాయింపు ఇస్తుంది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో మన పిల్లలు తినే సుషీలో చాలా భాగం అలా గడ్డకట్టి కరిగినదే. అందుకు సిగ్గుపడాల్సిందేమీ లేదు. కరిగించడం తెలిసినవాడి చేతిలో అది తోవ తప్పిన తాజా చేప కంటే మేలు.

మరో అభ్యంతరంలో న్యాయం ఉంది, ఒప్పుకోవాలి. ఉత్తరాన హకొదాతెలో అప్పుడే పట్టిన స్క్విడ్ కండ అద్దంలా మెరుస్తూ, పంటి కింద పుటుక్కుమంటుంది. క్యూషూ దీవిలో తెల్లచేప కూడా బిగువుగా ఉంటేనే ఇష్టపడతారు. సముద్రపు ముళ్ళబంతి గుడ్డు, గుల్లచేపలు ఆలస్యాన్ని భరించవు. వాటిని సముద్రం పక్కనే తినాలి. అయితే అవి రేవు పట్టణాలకు వెళ్ళడానికి కారణాలు. టోక్యోలో చేపల మార్కెట్ ముందు వరస కట్టడానికి కారణాలు కావు. అలాగే మాగబెట్టడాన్ని వెర్రిగా పట్టుకొని, వారాల తరబడి ఉంచి, చేపకు చేప వాసనే లేకుండా చేసే వంటవాళ్ళను నేను సమర్థించడం లేదు. ఏ చేపను ఎప్పుడు ఆపాలో తెలియడమే పనితనం. అన్నిటినీ ఒకే తూకంతో తాజాగా పెట్టేవాడికీ, ఒకే తూకంతో మాగబెట్టేవాడికీ అది లేదు.

అయితే నక్షత్రాలు చూసుకొని వెళ్ళమంటారా అని ఎవరైనా అడగవచ్చు. అదీ దారి కాదు. మిషెలిన్ రెస్టారెంట్ల జాబితాలో మూడు నక్షత్రాలు ఏళ్ళ తరబడి నిలుపుకున్న సుకియాబాషి జిరో కొట్టు 2019 నవంబరులో ఆ జాబితా నుంచి వెళ్ళిపోయింది. రుచి తగ్గిందని ఎవరూ అనలేదు. మామూలు జనం నేరుగా బుక్ చేసుకునే వీలు లేదు గనక తీసేశారు. జాబితా బుకింగ్ నియమాలతో మారుతుందంటే దాన్ని రుచికి పటంగా వాడుకోలేం. ఆ కొట్టు మీద 2011లో వచ్చిన డాక్యుమెంటరీని చూసినవాళ్ళు కౌంటరు మీది మెరిసే ముక్కల్నే గుర్తుపెట్టుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ సేపు కనిపించేది అంతకు ముందు జరిగే పని: ఆక్టోపస్‌ను మెత్తబడేదాకా నలభై యాభై నిమిషాలు చేత్తో పిసకడం, బియ్యం వ్యాపారితో మంతనాలు, గుడ్డు అట్టు కుదిరిందని అనిపించుకోవడానికి శిష్యుడు నెలల పాటు పడే అవస్థ.

బియ్యం దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే సుషీలో సగానికి పైగా అన్నమే, జనం అసలు చూడనిదీ అదే. గింజ గింజ విడిగా ఉండాలి, వత్తితే నిలవాలి, నోట్లో పెట్టగానే విడిపోవాలి. ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. చల్లబడితే వెనిగర్ పులుపు ముందుకు వచ్చి చేపను మింగేస్తుంది. ఇంకో సంగతి: చాలామంది సుషీ వంటవాళ్ళు కొత్త పంట బియ్యాన్ని ఒంటరిగా వాడరు. కొత్త బియ్యంలో తేమ ఎక్కువ, ముద్దవుతుంది, వెనిగర్‌ను పీల్చుకోదు. అందుకని పాత బియ్యాన్ని కలుపుతారు, లేదా పాతవే వండుతారు. పాత బియ్యం కోసం ఎక్కువ ధర ఇచ్చే మన ఇళ్ళల్లో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. తాజాదనమే సుషీకి ప్రాణమైతే, దాని సగం శరీరం పాత బియ్యంతో ఎందుకు తయారవుతుంది?

ఇంతకీ ఆ కొట్టును కనుక్కోవడం ఎలా? టోక్యోలో ప్రతి పేటలోనూ మచిజుషీ అని పిలిచే కొట్లున్నాయి. ఒకటి రెండు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతూ, పక్క వీధి జనానికి వడ్డించేవి. వాటిలో చాలావాటికి మధ్యాహ్నం భోజనం సెట్ ఉంటుంది, రాత్రి ధర కంటే చాలా తక్కువకు. గోడకు వేలాడే చెక్కపలకల మీద తోరో, సాల్మన్ మాత్రమే ఉన్నాయా, కొహాదా, ఉడికించిన పాముచేప, వెనిగర్ పట్టించిన సాబా అనే కానాగంత జాతి చేప, గుడ్డు అట్టు కూడా ఉన్నాయా చూడండి. ఇవి ఉన్నచోట పని తెలిసినవాడు ఉన్నాడని నమ్మవచ్చు, ఎందుకంటే వీటిని ఎంత ఖరీదైన సరుకు కొన్నా మరుగుపరచలేం. వంటవాడు తానే కుంచెతో సోయా పూసి ఇస్తున్నాడా గమనించండి. ఒక్కో ముక్కకు ఎంత ఉప్పదనం కావాలో తానే నిర్ణయిస్తున్నాడని అర్థం. కౌంటరు ముందు కూర్చోగానే ముందుగా కొహాదా ఒకటి అడగండి. ఉప్పు లోపలిదాకా దిగి, పులుపు పైన నిలిచి, కింద అన్నం గోరువెచ్చగా ఉంటే మిగతా భోజనమంతా అక్కడే చేయండి. చేప పచ్చిగా పులిసి, అన్నం చల్లగా ఉంటే, ఆ కొట్టు తొయోసు గుమ్మంలోనే ఉన్నా సరే, డబ్బు ఇచ్చేసి లేచి రండి.