చేతికిచ్చి చూడండి

మా పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ వెలిసింది. నల్లరేగడి సేద్యానికని అక్కడ ట్రాపికల్టర్ అనే చక్రాల పనిముట్టును పరీక్షించారు. దున్నడం, విత్తడం, గుంటక తోలడం, ఒక్క జత ఎడ్లతో అన్నీ దానితోనే! కేంద్రం పొలంలో భేషుగ్గా నడిచింది. ఊళ్ళో రైతు మాత్రం వద్దన్నాడు. ఖరీదెక్కువ, బరువెక్కువ, చిన్న చేనులో తిప్పడం కష్టం.

పలు దేశాల్లో ఇదే కథ. 1988లో పాల్ స్టార్కీ ఈ పనిముట్ల మీద రాసిన పుస్తకానికి ‘తీర్చిదిద్దారు, అయినా తోసిపుచ్చారు’ అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు.

అర్థమైందా అంటే నా క్లాసులోనూ అందరూ గంగిరెద్దుల్లా తలలూపుతారు. జవాబు కాగితాలు దిద్దేటప్పుడు గాని నా పాఠం సంగతి తెలియదు. కనుక కొత్త వస్తువు చేసేవారికి నా మనవి ఒకటే: బాగుందా అని అడగకండి. వాడేవాడి చేతికిచ్చి, నోరు మెదపకుండా చూడండి. అతను తడబడ్డ చోటే మన తప్పుంది.